ఇరవై మూడో పేజీ

డమ్మీ పోయిన రోజు కూడా గోవిందరాజులు ఏడూ నలభైకి వైశాలి మెట్రో స్టేషన్‌లో నాలుగో పెట్టె రెండో తలుపు ఆగే చోట నిలబడ్డాడు. రైలు అక్కడి నుంచే బయల్దేరుతుంది కాబట్టి రోజూ సీటు దొరుకుతుంది. మండీ హౌస్‌లో దిగి, రైలు మారి, దర్యాగంజ్‌లోని ఆఫీసుకి వెళ్లేదాకా ఆ ఇరవై నిమిషాలే అతనికి పెన్సిలు పట్టుకునే సమయం.

అరవై ఒక్కేళ్ల మనిషి. సన్నగా ఉంటాడు. ముప్పై ఏళ్లుగా అక్షరాల మీదకి వంగీ వంగీ మెడ కాస్త ముందుకు వచ్చింది. కళ్లద్దాలు నల్లదారంతో మెడలో వేలాడుతుంటాయి. చొక్కా జేబులో రెండు పెన్సిళ్లు, ఒక రబ్బరు, వాము పోసుకున్న చిన్న డబ్బా. బందరులో ఒక ప్రెస్సులో సీసపు అక్షరాలు పేరుస్తూ పని మొదలుపెట్టాడు. ఢిల్లీ వచ్చాక కంప్యూటర్ నేర్చుకున్నాడు. పనిముట్టు మారింది కానీ పని మారలేదు. పేజీలు కట్టడమే.

అతను పనిచేసే సంస్థ పిల్లలకి బొమ్మల పుస్తకాలు వేస్తుంది. ఒకే పుస్తకాన్ని ఆరు భాషల్లో ఒకేసారి అచ్చు వేస్తారు. రంగుల బొమ్మలు ఆరు భాషలకీ ఒకటే. భాషని బట్టి మారేది నల్లని అక్షరాలు ఒక్కటే. కాబట్టి బొమ్మని ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి జరపడానికి వీల్లేదు. అక్షరాలే బొమ్మల మధ్య సర్దుకోవాలి. తెలుగు ఎప్పుడూ ఇంగ్లీషు కంటే ఎక్కువ చోటు అడుగుతుంది. ఆ చోటు వెతకడం గోవిందరాజులు ఉద్యోగం.

ప్రతి పుస్తకానికీ అతను ఒక డమ్మీ చేసుకుంటాడు. వాడేసిన కాగితాలని పుస్తకం సైజుకి మడిచి, నడుమ దారంతో ఇంట్లో కుట్టించి, ఏ పేజీలో ఏ బొమ్మ వస్తుందో, ఏ వాక్యం ఎక్కడ ఆగుతుందో అన్నీ అతికించి, చేత్తో తిప్పి చూసుకుంటాడు. ఆఫీసులో ఇంకెవరూ అలా చెయ్యరు. అందరూ తెర మీదే చూసుకుంటారు. పిల్లలు పేజీని వేలితో తిప్పుతారు కదా అని ఒకసారి అన్నాడు. ఎవరూ బదులు చెప్పకపోతే మళ్లీ అనలేదు.

ఆ రోజు ఒళ్లో ఉన్న డమ్మీ పదేళ్లు దాటిన పిల్లల కోసం వేస్తున్న బొమ్మల నవలది. పన్నెండేళ్ల మిన్నికి తన గదిలోకి బామ్మ మంచం వచ్చిందని కోపం. బామ్మ గురకకి కోపం, బామ్మ రోజూ బిగించి వేసే జడకి ఇంకా కోపం. కథ సగంలో బామ్మ చనిపోతుంది. ఇరవై నాలుగో పేజీ నిండా ఒక బొమ్మ ఉంటుంది. ఖాళీ మంచం, దాని మీద ఒక దువ్వెన. ఇరవై మూడో పేజీ కుడివైపుది. అది తిప్పితే తప్ప ఆ మంచం కనపడదు. బొమ్మలు వేసిన అమ్మాయి కావాలనే అలా పెట్టింది.

తెలుగులో ఆ అధ్యాయం పదకొండు లైన్లు ఎక్కువైంది. వదిలేస్తే ఆ పదకొండు లైన్లూ ఖాళీ మంచం ఎదురుగా వెళ్లి పడతాయి. చదివే పిల్ల పేజీ తిప్పగానే మంచం చూసేస్తుంది. పక్కన బామ్మ ఇంకా మాట్లాడుతూనే ఉంటుంది.

ఇలాంటి తప్పు గోవిందరాజులు ఒకసారి చేశాడు. ఇరవై ఏళ్ల కిందట, కుక్కపిల్ల కథ ఒకటి. కుక్కపిల్ల పోయిన బొమ్మ ఒక పేజీ ముందే కనపడిపోయింది. కూతురు స్నిగ్ధకి అప్పుడు తొమ్మిదేళ్లు. నాన్న చేసిన పుస్తకం అని ఒళ్లో పెట్టుకుని చదువుతూ, చదువుతూ, మూసేసింది. "ముందే చెప్పేశావు నాన్నా," అంది. తిట్టినట్టు కాదు, ఉన్నమాట చెప్పినట్టు అంది. మళ్లీ ఆ పుస్తకం తెరవలేదు.

అందుకని మూడు వారాలుగా అతను మెట్రోలో లైన్లు వెతుకుతున్నాడు. పేరా చివర ఒక్క మాట ఒంటరిగా కింది లైనులోకి జారి ఉంటుంది. పై లైన్లలో మాటల మధ్య ఖాళీని వెంట్రుకవాసి తగ్గిస్తే ఆ మాట పైకి వస్తుంది. ఒక లైను మిగులుతుంది. ఎక్కడ తగ్గించినా కంటికి తెలియకూడదు. పద్నాలుగో పేజీ నుంచి ఇరవై మూడో పేజీ దాకా అలాంటి చోట్లు పదకొండూ దొరికాయి. పెన్సిలుతో గుర్తులు పెట్టాడు. ఒకటి మారిస్తే దాని కిందవన్నీ కదులుతాయి కాబట్టి, అన్నీ దొరికాకే ఒక్కసారిగా కంప్యూటర్‌లో మార్చడం అతని అలవాటు. సీసపు అక్షరాల కాలం నాటి అలవాటు. ఈ రోజు సాయంత్రం ఆరింటికి ఫైలు ప్రెస్సుకి వెళ్లాలి.

పక్క సీట్లో స్కూలు యూనిఫారంలో ఒక అమ్మాయి కూర్చుంది. దానికి అటు పక్కన వాళ్లమ్మ ఫోన్‌లో తెలుగులో ఎవరితోనో గ్యాస్ కనెక్షన్ గురించి మాట్లాడుతోంది. అమ్మాయి మెడ సాచి డమ్మీలోకి చూసింది.

"అంకుల్, యే తెలుగు హై నా?"

"తెలుగే. చదువుతావా?"

"థోడా థోడా. మమ్మీ నేర్పించింది. బట్ నేను చాలా స్లో."

"స్లోగానే చదువు. ఎవరు తరుముతున్నారు?"

"ఈ అమ్మాయి ఏజ్ ఎంత?"

"పన్నెండు."

"నాకు కూడా పన్నెండే. ఆల్మోస్ట్." అని డమ్మీ తన ఒళ్లోకి తీసుకుంది.

ఇరవయ్యో పేజీ తెరిచి ఉంది. అమ్మాయి అక్షరాల కింద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదవసాగింది. ఒత్తు దగ్గర ఆగేది, మళ్లీ మొదటి నుంచి వచ్చేది. బామ్మ మిన్నిని "జుట్టు పీచులా ఉంది" అన్నచోట ముక్కుతో నవ్వింది. గోవిందరాజులు కిటికీలోకి చూస్తున్నట్టు నటిస్తూ ఆ వేలినే చూస్తున్నాడు. తను కట్టిన పేజీని ఒక పిల్ల మొదటిసారి చదవడం పక్కన కూర్చుని చూడటం స్నిగ్ధ తరవాత ఇదే.

లక్ష్మీనగర్ వచ్చేసరికి ఇరవై రెండో పేజీ. యమున దాటేసరికి ఇరవై మూడు. అక్కడే బామ్మ మాటలు. తాళాలు ఎక్కడున్నాయో చెబుతుంది, కరివేపాకు మొక్కకి నీళ్లు ఎక్కువ పొయ్యొద్దంటుంది, చివరికి "రేపటి నుంచి నీ జడ నువ్వే వేసుకో" అంటుంది.

మండీ హౌస్ అని వినిపించింది. గోవిందరాజులు లేచి టిఫిన్ సంచీ భుజానికి తగిలించుకున్నాడు. చెయ్యి సగం చాచాడు. అమ్మాయి వేలు పేజీలో నడుమ ఉంది. తల ఎత్తలేదు. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇంకో రెండు లైన్లు అవనిద్దాం అనుకున్నాడు. తలుపులు తెరుచుకున్నాయి. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఒకేసారి తోసుకున్నారు. ఎవరిదో బ్యాగు అతన్ని ప్లాట్‌ఫారం మీదకి నెట్టింది. వెనక్కి తిరిగేసరికి తలుపులు మూసుకుంటున్నాయి. గాజు వెనక ఆ అమ్మాయి తల వంచుకునే ఉంది.

పేజీ తిప్పిందో లేదో కనపడలేదు.

కస్టమర్ కేర్ గాజుగది దగ్గర ఉన్న కుర్రాడు ఫారం తీసి హిందీలో అడిగాడు. "ఏం పోయింది అంకుల్?"

"పుస్తకం."

"పేరు?"

"ఇంకా పెట్టలేదు."

"రాసిందెవరు?"

"అది... చేత్తో కుట్టింది. ఇంకా అచ్చు కాలేదు."

కుర్రాడు కలం ఆపి చూశాడు. "అచ్చు కాని పుస్తకం, పేరు లేని పుస్తకం. ఫోను కాదు, బంగారం కాదు. సరే, రాస్తున్నాను. తెల్లకాగితాల పుస్తకం ఒకటి." అని నంబరు వేసిన చిన్న చీటీ చింపి ఇచ్చాడు. గోవిందరాజులు దాన్ని మడిచి జేబులో వాము డబ్బా కింద పెట్టుకున్నాడు.

ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. రెండో అంతస్తు మలుపులో ఆగి, ఛాతీలో మంటగా ఉంటే చిటికెడు వాము నోట్లో వేసుకున్నాడు. నవంబరు పొగమంచు కిటికీలోంచి మెట్ల మీదకి కూడా వచ్చి ఉంది.

పుస్తకాలని ప్రెస్సుకి పంపే బాధ్యత సందీప్‌ది. ముప్పై ఐదేళ్లవాడు, మీరట్ వాడు. సంగతి విని నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"స్కాన్ ఉందా రాజుజీ?"

"లేదు."

"ఫోన్‌లో ఫోటో అయినా?"

"లేదు బాబూ."

"మీ ఫోన్‌లో కెమెరా ఉందని తెలుసు కదా మీకు?" అని తనే నవ్వి, అతని ముఖం చూసి నవ్వు ఆపాడు. "ఛోడియే, పోనివ్వండి. సులువైన దారి ఉంది. ఆ పదకొండు లైన్లు ఎగరగొట్టండి. బామ్మ కాస్త తక్కువ మాట్లాడుతుంది. ఏం కొంప మునుగుతుంది?"

"అవి నా మాటలు కావు కదా, తీసెయ్యడానికి."

"అయితే అక్షరాల సైజు తగ్గించండి."

"ఇక్కడి మన పిల్లలు తెలుగు కూడబలుక్కుని చదువుతారు. చిన్నవైతే మానేస్తారు." గడియారం చూసి అన్నాడు, "ఆరు దాకా టైముందిగా."

"ఆరు అంటే ఆరే, రాజుజీ. ఆరూ అయిదుకి నేనే కోసేస్తాను. నాకు తెలుగు రాదు కాబట్టి ఎక్కడ కోస్తానో నాకే తెలియదు."

"అచ్ఛా," అని గోవిందరాజులు కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

పద్నాలుగో పేజీ తెర మీదకి తెచ్చి, అది చాలక కాగితం మీద అచ్చు తీసి, పెన్సిలు చెక్కాడు. చోట్లు గుర్తున్నాయనుకున్నాడు. గుర్తులేవు. రైలు ఎక్కడ ఉన్నప్పుడు దొరికిందో గుర్తుంది. ఒకటి ఆనంద్ విహార్‌లో తలుపులు తెరుచుకుంటున్నప్పుడు, ఒకటి వానకి రైలు నిర్మాణ్ విహార్ దగ్గర ఆగిపోయినప్పుడు. ఏ పేరాలో అన్నది మాత్రం చేతిలోని కాగితానికే వదిలేశాడు.

మళ్లీ మొదటి నుంచి వెతికాడు. పన్నెండింటికి మూడు లైన్లు దొరికాయి. ఒంటిగంటకి టిఫిను విప్పాడు. దొండకాయ వేపుడు, పెరుగన్నం. భార్య లక్ష్మీకుమారి ఫోన్ చేసింది.

"ఏమండీ, తిన్నారా?"

"తింటున్నా."

"గొంతు అదోలా ఉందేంటి?"

"ఏం లేదు. డమ్మీ పారేసుకున్నా."

"అయ్యో. మొన్నామధ్య నా చేత కుట్టించారే, అదేనా?"

"అదే. దారం ఎర్రది వేస్తానన్నావు, నేనే తెల్లది వెయ్యమన్నా."

"ఎర్రదైతే ఎవరికైనా కనపడేది. నా మాట విన్నారు కనుకనా!" అంది. తరవాత మెల్లగా, "పోనీలెండి, ఇంకోటి కుడతా. ఛాతీ మంట తగ్గిందా?"

"గ్యాసేలే. వాము వేసుకున్నా."

"వాము, వాము. ఆదివారం స్నిగ్ధ గురుగ్రామ్ నుంచి వస్తోందిగా, దానితో డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. ఈసారి కుదరదంటే ఊరుకోను."

"సరే."

నాలుగింటికి తొమ్మిది లైన్లు. సందీప్ వెనక నుంచి వచ్చి చూసి, టీ గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్లాడు. అయిదింటికి పదోది దొరికింది. పదకొండోది దొరకలేదు. పద్నాలుగు నుంచి ఇరవై మూడు దాకా మూడుసార్లు వచ్చాడు. పొద్దున్న ఒళ్లో ఉన్న లైను అది. ఇప్పుడు ఎక్కడా లేదు.

అయిదూ ఇరవైకి వీణకి ఫోన్ చేశాడు. నవలని తెలుగు చేసింది ఆమే. ఢిల్లీలోనే ఒక బడిలో తెలుగు టీచరు. కిందటి వేసవిలో ఆమె తల్లి పోయింది. ఆ అధ్యాయం మాత్రం రెండు నెలలు ఆలస్యంగా వచ్చింది. ఎందుకని ఆఫీసులో ఎవరూ అడగలేదు.

"చెప్పండి గోవిందరాజులుగారూ."

"అమ్మా, ఒక లైను కావాలి. పది సర్దాను. పదకొండోది నా వల్ల కాలేదు. ఇరవై రెండు, ఇరవై మూడు పేజీల్లో ఎక్కడైనా ఒక్క లైను మీరు తీసిపెట్టాలి. నేను మాటలు ముట్టుకోను."

అవతల స్టాఫ్‌రూమ్‌లో ఎవరో కుర్చీలు జరుపుతున్నారు.

"బామ్మ మాటల్లోంచి తియ్యలేనండీ," అంది వీణ. "మా అమ్మ కూడా అంతే. ఆసుపత్రిలో కూడా పప్పు డబ్బా మూత గురించే చెప్పింది. అందుకే ఆ మాటలకి అన్ని రోజులు పట్టింది."

"వద్దమ్మా. అవి తియ్యొద్దు. అవి ఉంచడానికే కదా పొద్దుటి నుంచి."

"మీ దగ్గర పేజీ తెరిచి ఉందా? బామ్మ మాటలయ్యాక చివరి లైను చదవండి."

గోవిందరాజులు కళ్లద్దాలు సర్దుకుని చదివాడు. "తెల్లవారేసరికి బామ్మ చనిపోయింది."

"అది తీసేయండి," అంది వీణ.

"అదా అమ్మా?"

"పేజీ తిప్పితే మంచం ఉందిగా. దువ్వెన ఉంది. పిల్లలకి తెలుస్తుంది. ఆ మాట మనం చెప్పక్కర్లేదు. ఇంగ్లీషులో ఉంది కదా అని నేను రాశాను. రాయాలని లేదు."

గోవిందరాజులు ఆ లైనుని చెరిపాడు. దాని కింద ఇంకేమీ లేదు కాబట్టి ఏదీ కదల్లేదు. పేజీ చివరి మాట ఇప్పుడు బామ్మదే. రేపటి నుంచి నీ జడ నువ్వే వేసుకో. ఆ కింద వేలు పట్టేంత తెల్లటి జాగా. పిల్లలు పేజీ పట్టుకుని తిప్పే మూల అది.

"సర్దుకుందమ్మా."

"థాంక్సండీ. మీరు కాబట్టి అడిగారు. వేరేవాళ్లయితే కోసేసి, పుస్తకం వచ్చాక చెప్పేవారు."

"అంత మాట ఎందుకులెండి," అన్నాడు గోవిందరాజులు. మెచ్చుకుంటే ఏం చెయ్యాలో అతనికి ఎప్పుడూ తెలియదు. ఫోన్ పెట్టేసి రబ్బరు పొడిని బల్ల మీద నుంచి అరచేత్తో ఊడ్చి బుట్టలో వేశాడు.

అయిదూ యాభై రెండుకి ఫైలు వెళ్లింది. సందీప్ వాచీ చూసుకుని, "ఎనిమిది నిమిషాలు మిగిల్చారు, రాజుజీ. నాకు కోసే అవకాశం ఇవ్వలేదు," అన్నాడు.

మండీ హౌస్‌లో రైలు మారుతుంటే తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. మెట్రో వాళ్లు. హిందీలో మాట్లాడిన గొంతు తీరిగ్గా ఉంది. ద్వారక వైపు ఆఖరి స్టేషన్‌లో ఒక మేడమ్ ఏదో కాగితాల పుస్తకం ఇచ్చి వెళ్లిందట. తెల్లదారంతో కుట్టి ఉందట. మీదేనా అని అడిగాడు.

"నాదే. నాదే బాబూ."

"రేపు వచ్చి తీసుకోండి. చీటీ తెచ్చుకోండి. లోపల పాత మెట్రో టికెట్టు కాగితం కూడా ఒకటి పెట్టి ఉంది, చదువుతూ గుర్తు పెట్టుకున్నట్టు."

గోవిందరాజులు మెట్ల మీద ఆగిపోయాడు. జనం రెండు పక్కల నుంచీ దాటి వెళ్లారు.

"ఏ పేజీలో ఉందది?"

"ఏమిటి?"

"ఆ టికెట్టు. ఏ పేజీ దగ్గర పెట్టి ఉంది? ఇరవై మూడా, ఆ తరవాతా? కింద పెన్సిలుతో నంబర్లు ఉంటాయి."

"అరే అంకుల్, సీలు వేసి సంచీలో పెట్టేశాం. రేపు మీరే వచ్చి చూసుకోండి." ఫోన్ పెట్టేశాడు.

సీటు దొరికింది. మూల సీటు. టిఫిన్ సంచీ ఒళ్లో పెట్టుకుని ఇంటికి ఫోన్ చేశాడు.

"లక్ష్మీ, డమ్మీ దొరికింది. ద్వారకలో ఉందట. రేపు వెళ్లి తెచ్చుకుంటా."

"అంత దూరం దేనికండీ? పని అయిపోయిందిగా?"

"అయింది. ఊరికే, ఒకటి చూడాలి."

"ఏం చూడాలో! సరే, తొందరగా రండి. వచ్చేటప్పుడు కొత్తిమీర తెండి, దొరికితే."

"సరే."

యమున మీద చీకటి పడుతోంది. నీళ్లు కనపడటం లేదు, పొగమంచులో దీపాలు మాత్రం మసకగా ఉన్నాయి. గోవిందరాజులు కళ్లద్దాలు తీసి మెడలో వదిలేసి, తల వెనక్కి ఆనించాడు. కుడిచేతి చూపుడువేలు సంచీ అంచు మీద ఉంది.

వైశాలిలో రైలు ఆగింది. అదే ఆఖరి స్టేషన్. అందరూ దిగారు. పెట్టెలన్నీ ఖాళీ అయ్యాయో లేదో చూసే గార్డు నాలుగో పెట్టెలోకి వచ్చి, "అంకుల్, వైశాలి ఆ గయా," అన్నాడు. దగ్గరికి వచ్చి ఇంకోసారి అన్నాడు. భుజం మీద చెయ్యి వేశాడు.

పుస్తకం ఫిబ్రవరిలో వచ్చింది. సందీప్ రెండు కాపీలు ఇంటికి పంపాడు. ఒక ఆదివారం స్నిగ్ధ వచ్చి అమ్మ పక్కన కూర్చుని మొదటి నుంచి పైకి చదివింది. ఆమె కూడా తెలుగు కూడబలుక్కునే చదువుతుంది. ఇరవై మూడో పేజీ అయ్యాక వేలు ఆ తెల్లటి మూల మీద పెట్టి కాసేపు ఆగింది. తరవాత తిప్పింది. లక్ష్మీకుమారి బొమ్మలోని దువ్వెనని చేత్తో తడిమింది. "నువ్వు చదువు," అంది.

ఆసుపత్రి వాళ్లు ఇచ్చిన ప్లాస్టిక్ సంచీ అలమారలో అలాగే ఉంది. అందులో నల్లదారం కట్టిన కళ్లద్దాలు, రెండు పెన్సిళ్లు, వాము డబ్బా, మడిచిన చీటీ ఒకటి. చీటీ మీద నంబరు ఇంకా చదవడానికి వస్తోంది. ద్వారకలో, సీలు వేసిన ఒక సంచీలో, తెల్లదారంతో కుట్టిన డమ్మీ ఉంది. అందులో ఏదో ఒక పేజీ దగ్గర మెట్రో టికెట్టు కాగితం పెట్టి ఉంది. ఇంకా ఎవరూ వెళ్లి తెచ్చుకోలేదు.